శనగ చేల మీద చలి రాత్రులు

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులకు నలుగురు స్నేహితులం పిల్లల్ని తీసుకుని ఎన్‌చాంటెడ్ రాక్‌కు వెళ్ళాం. టెక్సాస్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరి దగ్గర, చుట్టూ ఉన్న నేల మీంచి 425 అడుగులు పైకి లేచిన గులాబీ రంగు గ్రానైటు గుండు అది. రాత్రి చీకటిని కాపాడుతున్న పార్కుగా దానికి పేరుంది. రెండున్నర ప్రాంతంలో మెలకువ వచ్చి, టెంటు జిప్పు లాగి బయటికొచ్చాను. దక్షిణాన నేల అంచుకు కాస్త పైన తెల్లగా ఒక పెద్ద చుక్క మెరుస్తోంది. చేయి చాచి పిడికిలి బిగించి కొలిస్తే ఆ పిడికిలంత ఎత్తు కూడా లేదు. అది అగస్త్య నక్షత్రం. ఆకాశంలో సిరియస్ తర్వాత అంత వెలుగున్న చుక్క మరొకటి లేదు. నేను దాన్ని మొదటిసారి చూసింది మా అనంతపురం జిల్లా ఉరవకొండ పక్క చేలో, శెనక్కాయ వామి మీద వెల్లకిలా పడుకుని. అక్కడ అది రెండు పిడికిళ్ళకు మించిన ఎత్తున నిలబడుతుంది.

మనలో చాలామంది క్యాంపింగ్ అనే మాట అమెరికా వచ్చాకే విన్నాం. ఏ చలికి ఏ స్లీపింగ్ బ్యాగు కొనాలి, కింద ఎంత మందం చాప పరవాలి, ఎన్ని పొరల బట్టలు వేసుకోవాలి, అన్నీ ఇక్కడే నేర్చుకున్నామని అనుకుంటాం. ఆ రాత్రి పిల్లలు ‘మీ ఊళ్ళో మీరు ఎప్పుడైనా క్యాంపింగ్‌కి వెళ్ళారా?’ అని అడిగితే మా నలుగురిలో ముగ్గురు లేదన్నారు. నాలుగోవాణ్ణి నేను. ఏటా వెళ్ళేవాళ్ళమని చెప్పాను. దాన్ని మేం కాపలా అనేవాళ్ళం.

ఉరవకొండ సముద్ర మట్టానికి దాదాపు 1500 అడుగుల ఎత్తున ఉంది. పడగ విప్పిన పాములా కనిపించే కొండ ఊరి నెత్తిన ఉంటుంది. ఉరగకొండే ఉరవకొండ అయిందని పెద్దలు చెప్తారు. ఆ కొండా గ్రానైటే. వయసులో మాత్రం మనదే పెద్దది. టెక్సాస్ గుండుకు దాదాపు వంద కోట్ల ఏళ్ళయితే, మన అనంతపురం వైపు గ్రానైటు రాళ్ళకు దాదాపు 250 కోట్ల ఏళ్ళు.

అనంతపురమంటే ఎండ, కరువు అనే అందరికీ తెలుసు. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చలి మాట ఎవరూ ఎత్తరు. డిసెంబరులో పగలు 30 డిగ్రీలుండే నేల, తెల్లవారుజామున పదహారు పదిహేడుకు దిగుతుంది. ఊరి బయట, పల్లపు చేలల్లో ఇంకా తక్కువ. మిన్నెసోటాలో ఉండేవారికి ఇది చలే కాదనిపించవచ్చు. కానీ పొద్దునుంచి ఎండలో పనిచేసిన ఒంటికి, నూలు చొక్కా ఒక్కటే ఉన్నవాడికి, పన్నెండు గంటల్లో పదమూడు పద్నాలుగు డిగ్రీలు పడిపోవడం చిన్న సంగతి కాదు. అంతలా చల్లబడడానికి గాలిలో తడి లేకపోవడమే కారణం. మబ్బూ తేమా ఉన్నచోట అవి దుప్పటిలా కప్పుకుని నేల వేడిని నిలుపుతాయి. మన పీఠభూమి మీద చలికాలపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి, పగలు తాగిన వేడినంతా నేల రాత్రికి ఆకాశానికి వదిలేస్తుంది. పెద్ద బండలు మాత్రం ఆ వేడిని ఇంకాసేపు పట్టి ఉంచుకుంటాయి. గాలికి ఎదురుగా కాకుండా బండ చాటున, దాని వెచ్చదనం వీపుకు తగిలేలా పడుకోవాలని మాకు గొర్రెల కాపర్లే చూపించారు.

కాపలా రాత్రులు కార్తీకంలో మొదలయ్యేవి. ఎర్ర నేలల్లో జూన్, జులైలలో విత్తిన శెనక్కాయ అప్పటికి పీకుడుకు వస్తుంది. పీకిన చెట్లను చేలోనే ఆరబెట్టి, ఆనక వామి వేసి, తీరిక చూసుకుని కాయ వలుస్తారు. ఏడాది కష్టమంతా అన్నాళ్ళూ ఆరుబయటే ఉంటుంది. అడవి పందులు వస్తాయి, దొంగలూ వస్తారు. అందుకని ఇంటికొకరు చేలో పడుకోవాలి. పిల్లలం నలుగురం ఒకే వామి దగ్గర చేరేవాళ్ళం. సద్దిమూటలో జొన్నరొట్టె, శెనక్కాయ ఊరిబిండి. చేతిలో బ్యాటరీ లైటు, కర్ర. మా పెద్దలు మమ్మల్ని పంపింది పంట కోసమే. మేం పోయింది ఒకరికోసం ఒకరం.

మా నలుగురిలో ఒకడు మగ్గం ఇంటివాడు, చేను లేనివాడు. అయినా వచ్చేవాడు. పగలంతా ఇంట్లో గుంత మగ్గం దగ్గర కూర్చుని, చీకటి పడ్డాక చెప్పులు విడిచి మెత్తటి దుక్కి మట్టిలో నడవడం వాడికి పండుగ. ‘యాడికప్పా ఈ చలికి?’ అని వాళ్ళమ్మ అడిగితే ‘కాపలాకు’ అనేవాడు. ఎవరి చేనికని ఆమె ఎప్పుడూ అడగలేదు.

పుష్యం వచ్చేసరికి కాపలా నల్లరేగడికి మారేది. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్ల నేలల్లో వాన వెనకపట్టాక, అక్టోబరు, నవంబరుల్లో పప్పుశనగ విత్తుతారు. ఆ తర్వాత చినుకు లేకపోయినా, నేల తాగి దాచుకున్న పదును మీద, రాత్రి మంచు మీద అది పెరుగుతుంది. చలి బాగా పడితే రైతు ముఖం విప్పారుతుంది. మబ్బు పడితే దిగులు. ఒళ్ళు వణికించే చలిని ఆనందంగా తలుచుకునే మనుషుల మధ్య పెరగడం నాకు దక్కిన భాగ్యమని ఇప్పుడనిపిస్తుంది.

శనగ మొక్క ఆకుల మీద సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. అవి పుల్లటి ద్రవం ఊరుస్తాయి. రాత్రి మంచు దానితో కలిసిపోతుంది. లాగు వేసుకున్న పిల్లవాడు తెల్లవారుజామున శనగ చేనికి అడ్డంగా నడిస్తే పిక్కలు చురచురలాడతాయి. కొందరు పెద్దవాళ్ళు రాత్రి పలుచటి గుడ్డ చేను మీద పరిచి, పొద్దున్నే పిండి, ఆ పులుపును సీసాలో దాచేవారు. కడుపు నొప్పికి కాస్త నీళ్ళలో కలిపి ఇచ్చేవారు.

పక్కన జొన్న ఉంటే ఆ రాత్రి ఊసబియ్యం. గింజ పాలు పోసుకుని గట్టిపడే ముందు కంకులు కోసి, మంట తగ్గి నిప్పులు మిగిలాక వాటిమీద తిప్పుతూ కాల్చాలి. మంటలో పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. కాలిన కంకుల్ని గోనె సంచిలో వేసి నలిపి, చెరిగి, వెచ్చగా ఉండగానే బెల్లంతో తినాలి. కారం, ఉప్పు నంజుకునేవారూ ఉన్నారు. చల్లారితే రుచి పోతుంది. ఊసబియ్యం ఊరికి మోసుకుపోయేది కాదు, చేలోనే తినాల్సింది.

ఈ కాపలా ముచ్చటే కాదు. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు ప్రాంతాల్లో జింకల మందలు రాత్రిపూట చేలల్లో పడి మొలకలు మేస్తాయి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో పైవరుస రక్షణ దానికి ఉంది. దాన్ని ముట్టుకోకూడదు, పంటను వదులుకోనూకూడదు. అందుకే రైతు ఇప్పటికీ చలిలో డబ్బా కొడుతూ తిరుగుతున్నాడు. మనం విహారానికి పడుకునే చేలో వాళ్ళు బతుకు కోసం మేలుకుని ఉంటారు. వారి మంట దగ్గర కూర్చునేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

అసలైన శిబిర జీవులు మాత్రం గొర్రెల కాపర్లు. మా ప్రాంతంలో ఎక్కువమంది కురుబలు. వాళ్ళకిది ఒక రాత్రి, రెండు రాత్రుల పని కాదు. మెట్ట పంటలు అయిపోగానే మందల్ని తోలుకుని కాలువ నీళ్ళు పారే చేలవైపు నెలల తరబడి వలస పోతారు. పంట కోసిన రైతు తన చేలో మంద ఆపించుకుంటాడు. ఒకప్పుడు గింజలు కొలిచేవాళ్ళు, ఇప్పుడు రాత్రికింతని డబ్బు. పెంట ఎత్తి బండిలో తోలితే గొర్రె మూత్రంలోని సత్తువ దారిలోనే పోతుంది. మంద చేలోనే పడుకుంటే అదంతా మట్టికే దిగుతుంది. అందుకే మందను రోజుకింత పక్కకు జరుపుతూ చేనంతా తిప్పుతారు. దానివల్ల గొర్రెలకూ పొడి నేల దొరుకుతుంది.

పొద్దు గూకగానే చుట్టూ వల కడతారు. ఈనిన గొర్రెల పిల్లల్ని గంపల కింద మూస్తారు. తోడేళ్ళు ఈ నేలమీద ఇంకా ఉన్నాయి. అందుకని మందకు నాలుగు మూలలా మనుషులు పడుకుంటారు, మధ్యలో కుక్కలు తిరుగుతాయి. ఒకసారి మా చేలో మంద దిగినప్పుడు ఒక పెద్దాయన మా దుప్పట్లు చేత్తో తడిమి, ‘ఇవి కప్పుకున్నా ఒకటే, కప్పుకోకున్నా ఒకటే. ఇట్ల రాండప్పా’ అని తన కంబళి సగం విప్పాడు.

ఆ కంబళి గురించి కాస్త చెప్పాలి. దక్కనీ గొర్రెల నల్ల బొచ్చు ముతకగా, ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఆ ముడతల మధ్య గాలి చిక్కుకుని ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. నూలు తడిస్తే ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనం విడవదు. మంచు పడితే పైపైనే ముత్యాల్లా నిలుస్తుంది, పొద్దున దులిపితే రాలిపోతుంది. కత్తిరించిన బొచ్చును ఆడవాళ్ళు వడుకుతారు. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించిన గంజిని పడుగు దారానికి పట్టించి గుంత మగ్గం మీద నేస్తారు. కొత్తలో అట్టలా బిరుసుగా ఉండి ఒంటికి గుచ్చుకుంటుంది. వాడేకొద్దీ మెత్తబడుతుంది. పరుపు, దుప్పటి, వాన గొడుగు, పిల్లకు ఉయ్యాల అన్నీ అదే. ఒక మూల మడిచి నెత్తిన వేసుకుంటే వీపంతా కప్పుతుంది. నేనిక్కడ స్లీపింగ్ బ్యాగుకు పెట్టిన ధరకు అలాంటివి ఎన్నో వస్తాయి. నిప్పురవ్వ పడితే మన నైలాను బ్యాగు కరిగి చిల్లు పడుతుంది. ఉన్ని అంత తొందరగా అంటుకోదు.

ఇప్పుడు మంద రంగు మారింది. మాంసానికి గిరాకీ పెరిగి, త్వరగా ఎదిగే నెల్లూరు గొర్రెలు వచ్చాయి. వాటికి బొచ్చు లేదు. బొచ్చు లేకపోతే వడికేవాళ్ళకు పని లేదు, మగ్గానికి దారం లేదు. చాలామంది కాపర్లు కూడా ఈ రోజు మిల్లు దుప్పట్లే కప్పుకుంటున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే మార్పు.

డిసెంబరు, జనవరి సెలవులకు ఊరికి పోయేవాళ్ళకు నాలుగు మాటలు. పెళ్ళిళ్ళు, గుళ్ళు, షాపింగుల మధ్య ఒక్క రాత్రి చేనికి ఇవ్వండి. తెలిసిన రైతును అడగండి. అడగకుండా ఎవరి పొలంలోనూ టెంటు వేయకండి. నేలమీద పడుకోవద్దు. నులక మంచం అడిగితే ఎవరైనా ఇస్తారు. శెనక్కాయ వాముల దగ్గర ఎలుకలుంటాయి, వాటికోసం పాములొస్తాయి. చిన్నప్పుడు వామి మీద పడుకున్నామని ఇప్పుడు మళ్ళీ ఆ పని చేయకండి. కట్లపాము రాత్రిపూట తిరిగేది, నేలమీద నిద్రపోయేవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి పెట్టదు కాబట్టి చాలామంది గుర్తించరు. రెప్పలు వాలుతున్నా, మింగుడు పడకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే పోవాలి. మంటకు సర్కారు కంప వాడండి, కావలసినంత దొరుకుతుంది, కొట్టినా మళ్ళీ మొలుస్తుంది. ఎండిన వాములకు దూరంగా, గాలివాటు చూసుకుని వేయండి. నిప్పుల కుంపటిని టెంటులోకీ కారులోకీ తీసుకుపోకండి, దాన్నుంచి వచ్చే కనబడని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జింకలు కనిపిస్తే కారు లైట్లతో తరమకండి.

పగటిపూట పెన్నహోబిలం చూడండి. లక్ష్మీనరసింహస్వామి గుడి, పక్కనే పెన్నేరు. రాత్రికి చేనికి రండి. చుట్టూ గుట్టలమీద గాలిమరల ఎర్ర దీపాలు మినుకుమినుకుమంటాయి. మా చిన్నప్పుడు అవి లేవు. ఆషాఢ శ్రావణాల్లో ఊపిరాడకుండా తిరిగే ఆ రెక్కలు చలికాలంలో నింపాదిగా ఉంటాయి. డిసెంబరు 14 ప్రాంతంలో వెళ్తే, వెన్నెల అడ్డురాని ఏడాదిలో, ఏటా వచ్చే ఉల్కల జల్లును అర్ధరాత్రి దాటాక చూడవచ్చు. తూర్పున పిల్లలకోడి ఎక్కి, నడినెత్తి దాటి, పడమర దిగేలోపు రాత్రి గడుస్తుంది. వేగుచుక్క కనిపించే రోజుల్లో దాన్ని చూసే కాపర్లు మందను లేపుతారు.

అగస్త్యుణ్ణి పిల్లలకు చూపించండి. న్యూజెర్సీలో, షికాగోలో, సియాటిల్‌లో పెరిగే పిల్లలకు ఆ చుక్క వాళ్ళ ఊరి నుంచి ఎప్పటికీ కనబడదు. ఉత్తరాన 37 డిగ్రీల అక్షాంశం దాటితే అది నేల అంచు మీదికి రాదు. ఉరవకొండ 15 డిగ్రీల దగ్గరుంది. డిసెంబరు చివరి వారంలో అర్ధరాత్రి దాటిన కాసేపటికి దక్షిణం వైపు తిరిగి, చేయి చాచి, పిడికిలి మీద పిడికిలి పెట్టి చూడమనండి. తిరిగొచ్చేటప్పుడు కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు నేసేవాళ్ళ ఇంటికే పోయి, దక్కనీ బొచ్చుతో నేసిన కంబళి ఒకటి కొనుక్కోండి. దయచేసి బేరమాడకండి.