షీయాన్ నగరములో కొన్ని నెలలు

మూడు దినములుండి పోవు యాత్రికునకు షీయాన్ అనగా మట్టిసైనికుల సేన మాత్రమే. ఆరు నెలలు నివసింపవలసిన వానికి ఆ నగరము వేరొక విధముగా కనబడును. కూరగాయల అంగడి ఎచట, త్రాగునీరు ఎట్లు, సూర్యుడెప్పుడు ఉదయించును అను విషయములు అతనికి ముందు తెలియవలెను. చారిత్రక స్థలములు తరువాత వచ్చును. నేనచట శరత్కాలము మొదలు వసంతము వరకు ఉంటిని. చూచినవానిలో కొన్నిటిని, విన్నవానిలో కొన్నిటిని ఇచట చెప్పెదను.

చీనా దేశమంతటికిని ఒకే గడియారము. తూర్పుననున్న బీజింగు కాలమే పడమటి సరిహద్దు వరకు చెల్లును. షీయాన్ బీజింగునకు చాల పడమరగా ఉండుటచే జనవరి తొలిదినములలో సూర్యోదయము 7 గంటల 50 నిమిషములకు గాని కాదు. పిల్లలు పుస్తకముల సంచులతో చీకటిలోనే బడికి నడచుచుందురు. ఆ చలికి తగిన ఏర్పాటు మాత్రము ఉన్నది. నగరమునకు దక్షిణమున ఛిన్‌లింగ్ పర్వతములు గోడవలె నిలిచియున్నవి. ఆ పర్వతములకు ఉత్తరముననున్న పట్టణములలో ఇండ్లకు గొట్టముల ద్వారా వేడిమిని సరఫరా చేయుట ఆచారము. దక్షిణముననున్న వారికి ఆ భాగ్యము సాధారణముగా లేదు. షీయాన్‌లో ఈ సరఫరా వాడుకగా నవంబరు 15న మొదలై మార్చి 15న ముగియును. మార్చి 16న సాధారణముగా గొట్టములు చల్లబడును! కుళాయినీరు కాచక ఎవరును త్రాగరు. రైలుస్టేషనులోను, ఆసుపత్రిలోను, కార్యాలయములోను వేడినీటి కుళాయి తప్పక ఉండును. మండువేసవిలో సైతము వేడినీరే త్రాగువారు అచట పెక్కుమంది.

విశ్వవిద్యాలయ పట్టము పొందినవాడు అచట అడుగిడగనే నిరక్షరాస్యుడగును. వీధి పేరు చదువలేడు, మందుసీసాపై వ్రాసినది చదువలేడు. చెవి కొంత సాయపడునా యన్న, అదియు కష్టమే. షీయాన్ ఉన్న రాష్ట్రము పేరును, దాని తూర్పుననున్న పొరుగు రాష్ట్రము పేరును అక్షరములలో ఒక్కటే: ‘షాన్-షీ’. మొదటి అక్షరమును క్రిందికి దింపి మరల లేపి పలికిన షీయాన్ రాష్ట్రము; ఒకే ఎత్తున నిలిపి పలికిన పొరుగు రాష్ట్రము. నిత్యము ఉచ్చారణతోనే పని గల మా వృత్తివారికి ఇంతకు మించిన పాఠము వేరొకటి అక్కరలేదు. అంగడివ్యవహారము మాత్రము నోరు విప్పకయే జరుగును. వీధిప్రక్కన కాల్చిన చిలగడదుంపలమ్ము ముసలమ్మ సైతము బండికి క్యూఆర్ కోడు అట్టను వ్రేలాడగట్టును. కొనువాడు సెల్‌ఫోనును దానికి చూపిన చాలును.

భోజనవిషయము కొంత విస్తరించి చెప్పవలసియున్నది. నగరమధ్యమున 1380లో కట్టిన భేరీగోపురము వెనుక హుయీ ముస్లిముల పేట కలదు. అచటి ప్రసిద్ధమైన వంటకము ‘యాంగ్‌రో పావ్‌మో’, అనగా మేకమాంసపు చారులో నానిన రొట్టె. పూటకూటి యింట కూర్చుండగనే ఖాళీ గిన్నెను, గట్టి రొట్టెలు రెంటిని తెచ్చి మన ముందు ఉంచుదురు. ఆ రొట్టెలను చేతితో శనగగింజకంటె చిన్న తునకలుగా త్రుంచుట తినువాని పని. పెద్దలు కబుర్లు చెప్పుకొనుచు అరగంట త్రుంచుదురు. తరువాత గిన్నెను సంఖ్య గల చీటీతో వంటయింటికి పంపుదురు. చీటీ లేనియెడల ఒకరి శ్రమను మరియొకరు భుజింతురు గదా! తునకల పరిమాణమును చూచి వంటవాడు మంటను, చారును నిర్ణయించును. త్వరపడి పెద్ద ముక్కలు వేసిన వానికి లోపల ఉడకని రొట్టెయే దక్కును. తియ్యగా ఊరిన వెల్లుల్లిని, మిరపముద్దను నంజుకొందురు.

శాకాహారులు భయపడవలసిన పని లేదు. గోధుమపిండిని నీట కడిగి, దిగిన గంజిని ఆవిరిపై పలుచని రేకులుగా చేసి, పట్టీలుగా కోసి, పులినీరు, మిరపనూనె కలిపి పెట్టు ‘ల్యాంగ్‌ఫీ’ చల్లని వంటకము. వెడల్పైన గోధుమపట్టీలపై మిరపపొడి పోసి, దానిమీద సలసల కాగిన నూనె వంచుట మరియొక పద్ధతి. ఆ ‘చుయ్’మను ధ్వనియు, ఆ ఘాటును మన తాళింపును జ్ఞప్తికి తెచ్చును. నడుము పట్టీలంత వెడల్పుగల ‘బ్యాంగ్‌బ్యాంగ్’ అను పట్టీల పేరు వ్రాయుటకు 50కి పైగా గీతలు గీయవలెనట. అంతకంటె తినుటయే సులభము.

ఇక కోటగోడ. ఇది మింగు వంశపు తొలిచక్రవర్తి కాలమున, 1370–1378 నడుమ నిర్మింపబడినది. చుట్టుకొలత సుమారు 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. లోపల దిమ్మిస కొట్టిన మన్ను, వెలుపల ఇటుక. పైభాగము రెండు బండ్లు సుఖముగా తప్పుకొనునంత వెడల్పు గలది. అచట సైకిళ్ళు అద్దెకిత్తురు. ఇంతటి గోడ నేడు నిలిచియుండుట ఆశ్చర్యమే. 1950 తరువాత చీనా నగరములు పెక్కు తమ గోడలను రహదారులకొరకు పడగొట్టుకొన్నవి. బీజింగు గోడ చాలవరకు అట్లే పోయినది. షీయాన్ గోడను గూడ 1958లో కూల్చదలచిరి. అడ్డుపడినవారు ఉండుటచే పని ఆగి, 1961లో అది జాతీయ రక్షిత కట్టడముల తొలి పట్టికలో చేరినది. కొన్ని భాగములను మరీ క్రొత్తగా బాగుచేసిరి. రాత్రులందు దానికి పెట్టు రంగుదీపములు నాకు రుచింపలేదు. అయినను గోడపై నడచునపుడు ఒక సంగతి స్పష్టమగును. తాంగ్ వంశమునాటి చాంగాన్ మహానగరము దీనికి ఏడెనిమిది రెట్లు పెద్దది. అందుచేతనే నాడు ఊరిలోపల ఉండిన మహాహంస స్తూపము నేడు గోడకు వెలుపల, దక్షిణమున ఉన్నది.

ఆ స్తూపముతో మనకు చుట్టరికము కలదు. హ్యూయన్‌త్సాంగ్ 645లో భారతదేశమునుండి 657 గ్రంథములతో చాంగాన్ చేరి, వానిని భద్రపరచుటకై 652లో దానిని కట్టించెను. తరువాత మార్పులు చెంది నేడది ఏడంతస్తులతో సుమారు 64 మీటర్ల ఎత్తున, ఇంచుక ఒరిగి నిలిచియున్నది. ఈ యాత్రికుడు ఆంధ్రదేశమును, ధాన్యకటకమును దర్శించెను. ధాన్యకటకమున సుభూతి, సూర్యుడు అను భిక్షువులకడ కొన్ని నెలలు అభిధర్మము చదివి, ప్రతిగా వారికి మహాయాన శాస్త్రములు చెప్పెనని ఆయన జీవితచరిత్ర తెలుపుచున్నది. ఆంధ్రుల మాట మధ్యదేశపు మాటకంటె వేరు గాని, లిపి ఇంచుమించు ఒక్కటే యని ఆయన వ్రాసికొనెను. పరదేశపు మాట వినుచు దినములు గడపినవారికి ఆ వాక్యము విలువ బాగుగా తెలియును.

అంతకంటె ముందే, 401లో, కుమారజీవుడు ఈ నగరమునకే వచ్చి నాగార్జునుని మధ్యమక కారికలను చీనాభాషలోనికి తెచ్చెను. నాగార్జునుని పేర చెల్లు మహాప్రజ్ఞాపారమితా శాస్త్రమును, కర్తృత్వమును గూర్చి పండితులలో వివాదమున్నను, నూరు సంపుటములుగా ఆయనయే పరివర్తించెను. దాని సంస్కృతమూలము నశించినది. చీనా పాఠమొక్కటే మిగిలినది. శాతవాహనరాజునకు వ్రాసినదని చెప్పబడు సుహృల్లేఖ గూడ మనకు దక్కుటకు టిబెట్టు, చీనా అనువాదములే ఆధారము. ఆ చీనా అనువాదకులలో ఇత్సింగు ఒకడు. ఆయన నివసించిన మఠమున లఘుహంస స్తూపము నేటికిని ఉన్నది. తెలుగుదేశపు రాజునకు చెప్పిన హితవును మనము చదువవలెనన్న టిబెట్టు లిపినో, చీనా లిపినో నేర్చినవారి సాయము కావలెను. ఆ లిపులు నేర్చు తెలుగువారు నేటికిని అరుదు.

మట్టిసేనను గూర్చి చిత్రములలో చూచియే యుందురు. 1974లో రైతులు బావి త్రవ్వుచుండగా బయల్పడినది; నగరమునకు తూర్పున లిన్‌తుంగ్ కడ ఉన్నది. ఉదయముననే పోవుట మేలు. మధ్యాహ్నమునకు బొమ్మలకంటె తలలే ఎక్కువ కనబడును.

సాయంకాలములు గోడక్రింది తోటలో గడుపుట నాకు ప్రియము. ఆ దేశపు ‘ఛిన్‌ఛ్యాంగ్’ నాటకగానమును వృద్ధులచట పాడుదురు. కీచుమను తంత్రీవాద్యమొకటి, కొయ్యచిడుతలు, తాళములు. గాయకుడు గొంతు చించుకొని కేకవేసినట్లు ఎత్తుకొనును. తొలిదినమున అది పోట్లాట యనిపించును. నెల తిరుగునప్పటికి ఏ పాటలో దుఃఖమున్నదో, ఏ పాటలో ఎత్తిపొడుపున్నదో చెవికి అందును. వినువారు ఇంటినుండియే చిన్న మడతపీటలు తెచ్చుకొందురు. పరదేశి నిలబడియుండుట చూచిన ఎవరో ఒకరు తమ పీటను జరిపి, ప్రక్కన చోటు చూపి, కూర్చుండుమని చేయి ఊపుదురు.