భానుమతి: అభినయము, ఆత్మగౌరవము

నటి యనగా పరుల మాట పలికేది, పరుల ఊహకు రూపమిచ్చేది అని సామాన్యాభిప్రాయం. తన పాట తానే పాడి, తన చిత్రానికి తానే దర్శకత్వం వహించి, తన కథలు తానే వ్రాసి, ఆ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసిన నటీమణి శ్రీమతి భానుమతీ రామకృష్ణ.

ఆమె 1925 సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు సమీపమందలి దొడ్డవరంలో జన్మించారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. దొడ్డవరం గుంటూరు జిల్లాలోను, పడమటనున్న అర్ధవీడు, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోను ఉండేవి. 1970లో ఈ రెండు సీమలు ఒకే జిల్లాగా కలిసినవి. కనుక నల్లమల అంచున చదువుకొనే విద్యార్థికి కూడ ఆమె పరాయిది కాదు.

తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. బాల్యంలోనే కుమార్తెకు శాస్త్రీయ సంగీతం నేర్పించారు. ఆమె కళాజీవితానికంతకూ ఆ విద్యయే పునాది. 1939లో సి. పుల్లయ్యగారు కాళ్లకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయం’ నాటకాన్ని తెరకెక్కించినప్పుడు, శుల్కమిచ్చి వరుని కొనడం సహింపలేక ప్రాణం విడిచే కాళిందిగా ఆమె తొలిసారి నటించారు. 1943లో దర్శకులు పి.యస్. రామకృష్ణారావుగారిని వివాహమాడి, నటనకు స్వస్తి చెప్పదలచుకొన్నారు. కాని బి.యన్. రెడ్డిగారి ‘స్వర్గసీమ’ (1945) ఆమెను మరల తెరమీదికి తెచ్చి, కీర్తిశిఖరాన నిలిపింది.

అదే దర్శకుని ‘మల్లీశ్వరి’ (1951) ఆమె ప్రతిభకు గీటురాయి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి రచన, సాలూరు రాజేశ్వరరావుగారి స్వరరచన, ఆమె గాత్రం అందులో త్రివేణీ సంగమంవలె కలిసినవి. పదిమందీ అదృష్టమనుకొనే రాయలవారి అంతఃపురం మల్లీశ్వరికి చెరసాల. ఆ వేదనను ఆమె పెద్ద కేకలతో గాక చూపుతోను, గొంతులోని జీరతోను పలికించారు. పాడే గొంతు, పలికే గొంతు ఒక్కటే కావడంచేత పాటకూ మాటకూ నడుమ అతుకు కనబడదు.

భార్యాభర్తలు భరణీ సంస్థను స్థాపించి ‘లైలా మజ్ను’ (1949), ‘విప్రనారాయణ’ (1954) వంటి చిత్రాలను నిర్మించారు. 1953లో తెలుగు, తమిళ, హిందీ భాషలలో వెలువడిన ‘చండీరాణి’కి భానుమతియే దర్శకురాలు, అందులో ద్విపాత్రాభినయం కూడ చేశారు. స్త్రీలు కెమెరా ముందే తప్ప వెనుక నిలువని కాలమది.

ఈ స్వాతంత్ర్యానికి ఆమె చెల్లించిన మూల్యం కూడ కలదు. ‘మిస్సమ్మ’ (1955)లో నాయిక పాత్రను మొదట ధరించింది ఆమెయే. కొంత చిత్రీకరణ జరిగిన పిమ్మట నిర్మాత చక్రపాణిగారితో అభిప్రాయభేదం వచ్చింది. తన తప్పు లేదని నమ్మిన భానుమతి క్షమాపణకు అంగీకరింపలేదు. పాత్ర చేజారి, సావిత్రికి దక్కి, ఆమె కీర్తికి సోపానమైంది. నష్టం చిన్నది కాదు. అయినను ఒక పాత్ర పోయినంతమాత్రాన భానుమతి చేతిలోని కళ పోలేదు. తమిళ చిత్రసీమలోను ఆమెకు సాటిలేని గౌరవం దక్కింది. ‘నటనకు వ్యాకరణం’ అన్న బిరుదును ఆమెకిచ్చినవారు అణ్ణాదురైగారు.

తెలుగు సాహిత్యానికి ఆమె కానుక ‘అత్తగారి కథలు’. గయ్యాళి అత్త, కన్నీటి కోడలు అన్న పాత మూసను ఆమె విడిచిపెట్టారు. మడి ఆచారాలు, పెత్తనం, అమాయకత్వం కలబోసిన అత్తగారిని కోడలు ప్రేమతో చూచి నవ్వుతుంది; ఎక్కడా వెక్కిరించదు. ఎవరినీ నొప్పింపని ఇటువంటి హాస్యం వ్రాయడం కష్టం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఈ రచనను గౌరవించింది. ఆత్మకథ ‘నాలో నేను’ జాతీయ పురస్కారం పొందింది.

1966లో పద్మశ్రీ, తరువాత పద్మభూషణ్ ఆమెను వరించినవి. మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాలకు అధ్యక్షురాలై, తండ్రివద్ద మొదలైన విద్యను మరొక తరానికి అందించారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో పరమపదించారు.

రూపం కాలాధీనం, పాత్రలు పరాధీనం. విద్య ఒక్కటే తనది. ఆ విద్య ఉన్నందువల్లనే ఆమె అవసరమైనచోట ‘కాదు’ అనగలిగారు. ఆడపిల్లలకు చదువు చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ తరగతిలో ఒకసారి చెప్పదగిన జీవితం ఇది.