డెస్క్‌టాప్ ఫైల్

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల్లో లినక్స్ అంటే ఎక్కువగా నల్ల తెర, టైపు చేసే కమాండ్లే. ఇంట్లో వాడేవారికి మాత్రం మెనూలో ఐకాన్ కనబడాలి. ఆ పని చేసేదే డెస్క్‌టాప్ ఫైల్: ప్రోగ్రామ్ పేరు, ఐకాన్, నడపాల్సిన కమాండ్, ఏ వర్గంలో చూపాలి అన్నవి రాసి ఉండే చిన్న టెక్స్ట్ ఫైల్. లినక్స్ డెస్క్‌టాప్‌లైన గ్నోమ్, కేడీఈ రెండూ దీన్ని చదువుతాయి.

ప్రోగ్రామ్ రాసినవారు ఇది ఇవ్వకపోతే? ఫెడోరా అనే లినక్స్ పంపిణీ నిబంధనల ప్రకారం గ్రాఫికల్ ప్రోగ్రామ్‌కు దాన్ని ప్యాకేజీగా మలిచే ప్యాకేజర్ డెస్క్‌టాప్ ఫైల్‌ను జతచేయాల్సిందే. మరో పంపిణీ డెబియన్‌లో డెస్క్‌టాప్ ఫైలా, పాత మెనూ పద్ధతా అని సుదీర్ఘ వివాదం నడిచింది. డెస్క్‌టాప్ ఫైల్ ఉన్న ప్యాకేజీ పాత మెనూ ఫైల్ ఇవ్వకూడదని 2015లో సాంకేతిక కమిటీ తేల్చింది.

మరి యంత్రమే దీన్ని పుట్టించలేదా? కమాండ్ పేరు దానికి తెలుసు. అది మెనూలో ఉండదగ్గదా, టెర్మినల్ కావాలా, తెలుగులో ఏ పేరుతో కనబడాలి అన్నవి తెలియవు. ప్రతి కమాండ్‌కూ ఫైల్ పుడితే మెనూ సంతే! ముసాయిదా వరకు యంత్రానికి వదిలేయొచ్చు, అంతకుమించి వద్దు. ఫైల్‌ను పరీక్షించే పనిముట్టు ఉంది, కానీ అది రూపంలో తప్పులే పడుతుంది. క్యాలిక్యులేటర్‌ను ఆటల్లో చేర్చినా మాట్లాడదు.