అపసామాన్య ప్రవర్తన - దానిని కొలుచు కొలబద్దలు

ఒక విద్యార్థి ఎవరితోను మాట్లాడక మూలనే కూర్చొనుచున్నాడు. మరొకడు వ్రాసినదానిని మరల మరల కొట్టివేసి వ్రాయుచు పరీక్షా సమయమంతయు మొదటి పుటతోనే గడుపుచున్నాడు. నిన్నమొన్నటివరకు చలాకీగానున్న బాలిక నెల రోజులుగా చదువుమీద, ఆటలమీద ఆసక్తి కోల్పోయినది. వీరిలో ఎవరి ప్రవర్తన సామాన్యము? ఎవరిది కాదు? "వీనికి పిచ్చి", "దానికి గాలి సోకినది" అని తేల్చివేయుట సులభము. మనోవిజ్ఞానశాస్త్రము అంత తొందరపడదు. సామాన్యమునుండి తొలగిన ప్రవర్తనను అది 'అపసామాన్య ప్రవర్తన' అనుచున్నది. ఎంత తొలగినచో, ఏ విధముగా తొలగినచో అట్లనవలెను అనునదే అసలు ప్రశ్న. దీనికి శాస్త్రజ్ఞులు నాలుగు కొలబద్దలను వాడుచున్నారు.

నాలుగు కొలబద్దలు

మొదటిది సంఖ్య. అరుదుగా కనబడునది అపసామాన్యమని దీని భావము. బుద్ధిపరీక్షలలో సగటు 100. అందు 70కి లోబడినవారు నూటికి సుమారు ఇద్దరు. 130కి మించినవారును నూటికి సుమారు ఇద్దరే. అరుదుదనమే దోషమైనచో గణితవేత్త రామానుజన్‌ను కూడ రోగుల పట్టికలో చేర్చవలసివచ్చును. మరియొకవైపు పుచ్చుపన్ను ఎందరికో ఉన్నది. అంతమాత్రమున అది ఆరోగ్యలక్షణము కాదు.

రెండవది సంఘనియమము. సంఘము అంగీకరింపనిది అపసామాన్యము. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలలో 'రంగము' నాడు ఒక స్త్రీ పూనకముతో భవిష్యవాణి చెప్పును. భక్తులెవరును ఆమెను రోగి అనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధుల వర్గీకరణలో 2022లో అమలులోనికి వచ్చిన పదునొకండవ కూర్పు కూడ, ఆచారములో భాగమై అందరు అంగీకరించు పూనకమును వ్యాధిగా లెక్కింపదు. ఆచారముతో పనిలేక, కోరకయే వచ్చి జీవితమును చెడగొట్టునప్పుడే దానిని వ్యాధిగా పరిశీలించును.

అయితే సంఘమే పొరబడవచ్చును. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అను వైద్యుడు, యజమానులనుండి పారిపోవు నల్లజాతి బానిసలకు ఒక మనోవ్యాధి ఉన్నదని వ్రాసి దానికి 'డ్రాపెటోమేనియా' అని పేరుపెట్టెను. స్వేచ్ఛను కోరుట వ్యాధి యట! స్వలింగప్రేమను సైతము చాలకాలము వ్యాధిగానే లెక్కించిరి. దానిని అమెరికా మనోరోగవైద్యుల సంఘము 1973లోను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోను వ్యాధుల పట్టికనుండి తొలగించినవి.

మూడవది బాధ. మనోవ్యాధిగ్రస్తులలో ఎక్కువమంది బాధపడుదురు. కాని తల్లిని పోగొట్టుకొన్నవాని దుఃఖము వ్యాధి కాదు. మేనియా అను ఉద్రేకావస్థలో ఉన్నవాడో, నిద్రలేక తిరుగుచు, ఉన్న ధనమంతయు వెచ్చించివేయుచు, తనంత సుఖి లేడనుకొనును.

నాలుగవది నిత్యజీవితమునకు కలుగు ఆటంకము, లేక ప్రమాదము. భోజనమునకు ముందు చేతులు కడుగుకొనుట మంచి అలవాటు. చర్మము చిట్లునంతగా గంటలకొలది కడుగుకొనుచు, మానవలెనని ఉన్నను మానలేకపోవుట వేరు. ఇది మిక్కిలి ఉపయోగకరమగు కొలబద్ద. అయినను ఇదియు ఒంటరిగా చాలదు. నిరాహారదీక్షతో 1952లో ప్రాణమర్పించిన పొట్టి శ్రీరాములుగారు తన దేహమునకు ప్రమాదమని యెరిగియే, ఒక ఆశయముకొరకు ఆ మార్గమును ఎన్నుకొనిరి. దానిని వ్యాధి అనలేము.

కావున వైద్యుడు ఈ నాలుగింటిని కలిపి చూచును. వీటికి తోడు కాలపరిమితిని చూచును. ఉదాహరణకు మనోకుంగుబాటు అని నిర్ణయించుటకు, దిగులుగాని నిరాసక్తతగాని కనీసము రెండు వారములు, దాదాపు ప్రతిదినము, దినములో ఎక్కువ భాగము ఉండవలెను. నిద్ర, ఆకలి, ఏకాగ్రత మున్నగువానిలోను మార్పులు కనబడవలెను. ఒక్కనాటి విచారము కుంగుబాటు కాదు.

కారణములు

అపసామాన్య ప్రవర్తనకు దయ్యములు కారణమని పూర్వము అనేక దేశములలో నమ్మిరి. ఆ నమ్మకమును సడలించిన వ్యాధులలో పెల్లాగ్రా ఒకటి. ఇందు చర్మముపై మచ్చలు, విరేచనములు, తుదకు మతిభ్రమ కలుగును. ఇది అంటువ్యాధి కాదనియు, ఆహారలోపమువలన వచ్చుననియు అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 తరువాత జరిపిన పరిశోధనలలో చూపెను. ఆ లోపించినది నయాసిన్ అను విటమిన్ అని 1937లో తేలినది. మన ప్రాంతమునకును దీనితో సంబంధము కలదు. జొన్నలు ప్రధానాహారముగా గల తెలంగాణ పేదలలో ఈ వ్యాధి కనబడెడిది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకాంతయ్యగారలు దీనిని పరిశోధించి, జొన్నలలో అధికముగానుండు ల్యూసిన్ దీనికి ఒక కారణము కావచ్చునని 1960లో సూచించిరి. భూతవైద్యుని వేపమండలకు లొంగని మతిభ్రమ, సకాలములో ఇచ్చిన విటమిన్‌కు లొంగినది.

అన్ని కారణములు శరీరములోనే ఉండవు. భయములు అనుభవమువలన నేర్చుకొనబడును, అట్లే పోగొట్టబడును. 1924లో మేరీ కవర్ జోన్స్ అను మనోవిజ్ఞానవేత్త, కుందేలును చూచి భయపడు పీటర్ అను పసివానికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చెను. తుదకు వాడు దానిని నిమిరినాడు. పేదరికము, హింస, అవమానము, ఒంటరితనము వంటి సాంఘిక కారణములు కూడ కలవు. సాధారణముగా దేహము, మనస్సు, సంఘము మూడును కలిసియే పనిచేయును.

ఉపాధ్యాయుడు చేయదగినది

ఈ విషయము పరీక్షలో మార్కుల కొరకు మాత్రమే తెలిసికొనదగినది కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు తప్పించుకొనలేక మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోరోగులను ఏ విధముగాను గొలుసులతో బంధింపరాదని నిషేధించినది. ఒకని కులమతములనుబట్టిగాని, సాంఘిక, ఆర్థిక, రాజకీయ స్థితినిబట్టిగాని మనోరోగిగా నిర్ణయింపరాదనియు శాసించినది. రెండవ కొలబద్దను దుర్వినియోగము చేయకుండ ఇది ఒక కాపు.

మొదట చెప్పిన ముగ్గురి విషయమేమి? మూలనుండు బాలుడు స్వభావరీత్యా మితభాషి కావచ్చును. చదువు, నిద్ర, స్నేహము చక్కగా సాగుచున్నచో వానిని అట్లే ఉండనీయవలెను. మొదటి పుట దాటలేనివాని చేతిరాతను, సోమరితనమును నిందించుటకు ముందు, వాడు మానలేక అట్లు చేయుచున్నాడేమో విచారింపవలెను. బాలికలో వచ్చినది మార్పు. అది నెల రోజులనుండి నిలిచియున్నది. ఆమెతో ఏకాంతమున, తొందరలేక మాట్లాడవలెను; తల్లిదండ్రులకు తెలిపి వైద్యునియొద్దకు పంపవలెను. చనిపోవలెనని ఏ విద్యార్థి అన్నను దానిని బెదిరింపుగా కొట్టివేయక, ఆ క్షణముననే సహాయము కోరవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

రోగనిర్ణయము వైద్యుని పని. చూచుట, వినుట, సకాలమున పంపుట ఉపాధ్యాయుని పని. 'పిచ్చివాడు' అను పేరు తరగతిలో ఒకమారు అంటుకొన్నచో, వ్యాధి నయమైన తరువాత కూడ ఆ బాలుని విడువదు.