జీపీఎస్ క్రీడా గడియారాల ఎంపిక: కొలత, అంచనాల మధ్య భేదం

పరుగు, కొండదారి నడక వంటి బహిరంగ సాధనలకు జీపీఎస్ గడియారం కొనేవారు సాధారణంగా ధర, తెర, బ్యాటరీ అనే మూడింటినే విచారిస్తారు. వ్యాయామవిద్యా పరిశోధనల్లో ఈ గడియారాల నమోదులు దత్తాంశంగా చేరుతున్నప్పుడు మాత్రం, అవి దేనిని కొలుస్తున్నాయి, దేనిని అంచనా వేస్తున్నాయి అన్నది ముందుగా తేల్చుకోవలసి ఉంటుంది. ఆ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. స్థాననిర్ణయం:

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తుంటాయి. వాటి సంకేతాలు చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి గడియారం తన స్థానాన్ని గణిస్తుంది. ఆ కాలంలో సెకనులో వంద కోట్లవ వంతు పొరపాటు జరిగినా దూరంలో 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఎత్తైన భవనాలకు తగిలి వచ్చిన సంకేతం ఆలస్యంగా చేరుతుంది కనుక, రోడ్డుపై పరుగెత్తినా పటంలోని గీత పక్క భవనంలోకి పోతుంది. 1575.42 మెగాహెర్ట్జ్‌తో పాటు 1176.45 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని కూడా స్వీకరించే గడియారాలు ఈ దోషాన్ని కొంత తగ్గిస్తాయి. 2022లో వచ్చిన గార్మిన్ ఫోర్‌రన్నర్ 955, యాపిల్ వాచ్ అల్ట్రాలలో ఈ సదుపాయం ఉంది. చెరువుగట్టున, మైదానంలో పరుగెత్తేవారికి దీనివల్ల కలిగే లాభం స్వల్పం. బ్యాటరీ మాత్రం త్వరగా తరుగుతుంది.

అలిపిరి మెట్లదారి మరొక రకమైన ఉదాహరణ. 3,550 మెట్ల ఆ దారిలో చాలా భాగానికి పైకప్పు ఉంది. అక్కడ ఉపగ్రహ సంకేతం క్షీణిస్తుంది. వాయుపీడనాన్ని బట్టి ఎత్తును తెలిపే బారోమీటరే ఆధారం. కొండదారుల సాధకులు మొదట చూడవలసింది అదే. (వాతావరణపీడనం తగ్గితే, నిలుచున్న చోటనే ఎత్తు పెరిగినట్లు అది చూపుతుందన్నది వేరే మాట.)

2. 42.195 కిలోమీటర్ల సమస్య:

మారథాన్ ముగించినవారి గడియారం అధికారిక దూరం కన్నా ఎక్కువ చూపడం, వారు నిర్వాహకులను నిందించడం పరిపాటి. వాస్తవానికి ధ్రువీకృత మార్గాన్ని క్రమాంకనం చేసిన సైకిల్‌తో, పరుగెత్తడానికి వీలైన అతి దగ్గరి గీత వెంబడి కొలుస్తారు. దూరం తక్కువ పడకుండా 0.1 శాతం, అనగా దాదాపు 42 మీటర్లు, అదనంగా చేరుస్తారు. గుంపులో మలుపు తిరిగే సాధకుడు ఆ గీతను అనుసరించలేడు. పైగా స్థానబిందువుల చిన్న దోషాలు దారిని వంకరగా చూపి దూరాన్ని పెంచుతాయి. గడియారం ఒక్క శాతం ఎక్కువ కొలిచినా, అది చూపిన వేగాన్ని నమ్మి నాలుగు గంటల లక్ష్యం పెట్టుకున్నవారు రెండు నిమిషాలకు పైగా ఆలస్యంగా చేరుతారు. అందువల్ల కిలోమీటరు ఫలకం దగ్గర స్వయంగా నొక్కడానికి వీలైన ల్యాప్ బటన్ ఖరీదైన పటాలకన్నా విలువైనదని నా అభిప్రాయం. చెమట చేతులకు స్పర్శతెర సరిగా లొంగదు.

3. హృదయస్పందన:

మణికట్టు వద్ద ఆకుపచ్చ కాంతితో రక్తప్రసరణలోని మార్పులను గ్రహించే పద్ధతి స్థిరమైన పరుగులో చాలావరకు సరిపోతుంది. వేగం తరచూ మారే సాధనలో అది వెనుకబడుతుంది. ఒక్కొక్కసారి అడుగుల లయనే గుండె లయగా భ్రమిస్తుంది. అటువంటి అధ్యయనాలకు ఛాతీపట్టీని అనుసంధానించగల నమూనాను ఎంచుకోవాలి. గడియారం చూపే గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం వేగం, స్పందనల నుండి గణించిన అంచనా మాత్రమే. సిద్ధాంతగ్రంథాల్లో దానిని ప్రయోగశాల కొలతతో సమానంగా పట్టికలో చేర్చడం సరికాదు.