ఆఫీసుకు పంపే ఫైకస్‌కు ముందు నీడ అలవాటు చేయండి

1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్ చుట్టూ ఏసీ ఆఫీసులు పెరుగుతూ వచ్చాయి. వాటికి ఫైకస్ బెంజమినా మొక్కలు పెంచి అమ్మే రైతులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎండలో ఏపుగా పెరిగిన మొక్కను నేరుగా గదిలో పెడితే కొద్ది వారాల్లోనే ఆకు రాలుస్తుంది. కొన్నవారు తెగులనుకుని తిప్పి పంపుతారు, లేదా నీళ్లు గుమ్మరించి వేరు కుళ్లబెడతారు. నష్టం మనదే. నిజానికి అది తెగులు కాదు, వెలుతురు తగ్గడమే కారణం. మన మర్రి, రావి జాతిదే కదా, ఎండ మరిగిన చెట్టు!

అందుకని అమ్మే ముందు నెలా రెండు నెలలు 75 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కింద ఉంచి, ఎరువు తగ్గించండి. కిటికీ దగ్గర పెట్టమని, ఏసీ గాలి సూటిగా తగలనీయవద్దని, పైమట్టి అంగుళం లోతు ఆరాకే నీళ్లు పోయమని కొనేవారికి చెప్పండి. ఆకు రాలినా కొమ్మను గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మళ్లీ చిగురిస్తుంది.