ఏరు తప్పుకున్న చోట సముద్రం

కళా విజ్ఞాన నగరం స్పెయిన్ తూర్పు తీరంలోని వాలెన్సియాలో, ఒకప్పుడు తూరియా నది పారిన దారిలో ఉంది. 1957 అక్టోబరు 14న ఆ నది పొంగి ఊరిని ముంచెత్తడంతో 80 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత నగరానికి దక్షిణంగా దాదాపు 12 కిలోమీటర్ల కాలువ తవ్వి నదిని అటు మళ్లించారు. ఖాళీ అయిన పాత ఏటిలో రహదారి వేయాలన్న ఆలోచనను జనం వ్యతిరేకించారు. చివరికి అది ఉద్యానవనమైంది. దాని దిగువన, సముద్రం వైపు, ఈ సముదాయం వెలసింది.

కట్టడాల్లో ఎక్కువ భాగం వాలెన్సియాలోనే పుట్టిన శాంటియాగో కలట్రావా రూపకల్పన. పాత ఏటి వెంట సముద్రం వైపు నడిస్తే మొదట వచ్చేది 2005లో తెరిచిన ఒపేరా భవనం. తరువాతది హెమిస్ఫెరిక్. 1998లో అన్నిటికన్నా ముందు తెరిచిన ఈ భవనంలో ప్లానెటేరియం, భారీ తెర ఉన్న సినిమాశాల ఉన్నాయి. దీని ఆకారం సగం కన్ను. చుట్టూ ఉన్న కొలనులో నీడ పడితే కన్ను పూర్తవుతుంది. 2000లో తెరిచిన విజ్ఞాన మ్యూజియం తిమింగలం అస్థిపంజరంలా కనిపిస్తుంది. అక్కడి ప్రదర్శనల్లో చాలావాటిని పిల్లలు చేత్తో తాకి, తిప్పి చూడవచ్చు. పక్కనే కమానుల కింద మొక్కలు పెంచిన ఉంబ్రాక్లే అనే నడకదారి ఉంది.

చివరన ఉన్న ఓషనోగ్రాఫిక్ ఐరోపాలోని అతిపెద్ద అక్వేరియాల్లో ఒకటి. దీన్ని 2003లో ప్రజల కోసం తెరిచారు. తామర పువ్వులా విచ్చుకున్న దీని కాంక్రీటు పైకప్పులను ఫెలిక్స్ కాండెలా రూపొందించారు. ఇలాంటి పలుచని కాంక్రీటు పెంకు నిలబడేది మందంతో కాదు, వంపుతో. గుర్రపు జీనులా వంచడం వల్ల బరువు పెంకంతటా పంచుకుపోతుంది. నిర్మాణం పూర్తి కాకముందే, 1997లో, కాండెలా మరణించారు.

ఇక్కడి తొట్లలో మొత్తం సుమారు 4.2 కోట్ల లీటర్ల నీరు ఉంటుంది. అందులో సగానికి పైగా, దాదాపు 2.4 కోట్ల లీటర్లు, డాల్ఫిన్ల కొలనులదే. మధ్యధరా, ఉష్ణమండల సముద్రాలు, ఆర్కిటిక్, అంటార్కిటిక్ వంటి విభాగాలుగా జీవులను అమర్చారు. పెంగ్విన్లకు చలి కావాలి, పగడపు చేపలకు వెచ్చదనం కావాలి. అందుకే ఏ తొట్టి నీటి ఉష్ణోగ్రత దానిదే. బెలూగా అనే తెల్ల తిమింగలాలు ఇక్కడి ప్రధాన ఆకర్షణ. 2024 జూన్‌లో యుద్ధం నడుస్తున్న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి రెండు బెలూగాలను ఇక్కడికే తరలించారు.

తొట్ల గుండా వెళ్లే పారదర్శక సొరంగాల్లో నడిచేవారి తలల మీదుగానే చేపలు ఈదుతాయి. పెద్ద అక్వేరియాల్లో ఇలాంటి గోడలకు గాజు కన్నా ఆక్రిలిక్‌కే మొగ్గు. మందం పెరిగేకొద్దీ మామూలు గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఆక్రిలిక్ తేటగానే ఉంటుంది, తేలికగా వంగుతుంది. నీటిలో నుంచి వచ్చే వెలుగు వంగడం వల్ల, చదునైన పలక వెనక ఉన్న చేప అసలు దూరం కన్నా దగ్గరగా కనిపిస్తుంది.

ఈ సముదాయానికి విమర్శలూ తప్పలేదు. ఖర్చు తొలి అంచనాకు ఎన్నో రెట్లు పెరిగి 100 కోట్ల యూరోలు దాటింది. 2013లో ఒపేరా భవనం పైకప్పు మీది పింగాణీ పెంకులు ఊడిపడడంతో భారీ మరమ్మతులు చేయాల్సి వచ్చింది.

ఉంబ్రాక్లేలో, కొలనుల చుట్టూ తిరగడానికి టికెట్ అక్కర్లేదు. హెమిస్ఫెరిక్, మ్యూజియం, అక్వేరియం దేనికదే టికెట్. మూడింటికీ కలిపి తీసుకునే వీలూ ఉంది. ఓషనోగ్రాఫిక్ ఒక్కదానికే సగం రోజు కేటాయించాలి.

2024 అక్టోబరు 29న వాలెన్సియా ప్రాంతాన్ని మళ్లీ వరదలు ముంచెత్తాయి. నదిని మళ్లించిన కాలువ వల్ల నగరం నడిబొడ్డు ముంపు తప్పించుకుంది. కాలువకు దక్షిణాన ఉన్న ఊళ్లు మాత్రం తీవ్రంగా దెబ్బతిన్నాయి.